ఆ పాట ఆవిడదే!

మా బావగారికి పాటలంటే ప్రాణం. బ్యాంకులో ఉద్యోగం చేసి రిటైరయ్యారు. రాజమండ్రిలో వాళ్ళింట్లో ఒక గదంతా గ్రామఫోను రికార్డులూ, క్యాసెట్లూ, సీడీలూనూ. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఆయనకొక అలవాటుంది. ఎవరు ఏ పాట పెట్టినా, రెండు నిమిషాలు విని, "ఇది ఒరిజినల్ కాదమ్మా" అంటారు. భోజనం దగ్గర కూర్చున్నా అంతే. పులుసు ఒక గుటక వేసి, "మా అమ్మ పులుసే ఇది, కాకపోతే మా అమ్మ చెయ్యి వేరు" అంటారు. ఈ రెండు మాటలకీ ఏదో చుట్టరికం ఉందని నాకు చాలా ఏళ్ళుగా అనుమానం. మొన్న సంక్రాంతికి ఆ అనుమానం కాస్తా తీరిపోయింది.

భోజనాలయ్యాయి. మగవాళ్ళు వసారాలో చేరారు. తోటికోడలూ నేనూ గిన్నెలు సర్దుతున్నాం. డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి ఫోన్లో ఏదో ఇంగ్లీషు పాట పెట్టింది. ఆ గొంతు వినగానే నా చేతిలో గిన్నె ఆగిపోయింది. అరీతా ఫ్రాంక్లిన్! 'రెస్పెక్ట్'! మా హాస్టల్లో ఒక స్నేహితురాలి దగ్గర అరిగిపోయిన క్యాసెట్టుండేది. పరీక్షల ముందు రోజు రాత్రి తలుపులేసుకుని ఆ పాట పెట్టుకునేవాళ్ళం. సగం మాటలు అర్థమయ్యేవి కావు. అయినా పొద్దున్న హాల్లోకి తలెత్తుకునే వెళ్ళేవాళ్ళం.

వసారాలోంచి బావగారి గొంతు వినిపించింది. "అది ఆవిడ పాట కాదు తల్లీ! ఓటిస్ రెడ్డింగని ఒకాయన రాసుకుని పాడుకున్నాడు. ఈవిడ కాపీ కొట్టింది. పేరు మాత్రం ఈవిడకొచ్చింది."

మా తోటికోడలు చెయ్యి తుడుచుకుంటూ అంది: "అంతే లెండి. ముప్ఫయ్యేళ్ళ నుంచి నేనే పెడుతున్నా, ఈ ఇంట్లో అది ఇప్పటికీ అత్తయ్యగారి పులుసే."

అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. నాకే నవ్వు రాలేదు.

అంచేత ఈ వారం నేను పోట్లాడదలుచుకున్నాను. బావగారితో కాదు. ఆయన మంచివారు, నా నవలలు కొని చదివే అతి కొద్దిమందిలో ఒకరు. నా పోట్లాట ఆ 'కాపీ' అనే మాటతో. ఆ మాట వెనక నిలబడ్డ చట్టాలతో, లెక్కలతో, మన ఇళ్ళలో అరుగుల మీద కూర్చుని తీర్పులు చెప్పే న్యాయంతో.

ముందు అసలు కథ చెప్పనివ్వండి.

అమెరికాలో నల్లవాళ్ళ చర్చీల్లో పాడే భక్తి పాటలున్నాయి. గుండె లోతులోంచి ఎగజిమ్మే పాటలవి. ఆ పాడే తీరుని తెచ్చి, ప్రేమా, విరహమూ, ఇంటి గొడవలూ, జీతం రాళ్ళూ, ఇలాంటి లోకం మాటలకు తొడిగితే పుట్టినదాన్ని 'సోల్' సంగీతమన్నారు. ఆత్మ అని అర్థం. 1960లలో ఆ సంగీతానికి పుట్టిళ్ళలాంటి ఊళ్ళు రెండు మూడున్నాయి. అందులో మెంఫిస్ ఒకటి. అక్కడ ఒక పాత సినిమాహాలుని స్టూడియోగా మార్చి 'స్టాక్స్' అనే కంపెనీ నడిపేవారు. ఆ కంపెనీ ముద్దుబిడ్డ ఓటిస్ రెడ్డింగ్. 1941లో జార్జియా రాష్ట్రంలో పుట్టాడు. పేదింటి పిల్లవాడు. గొంతులో నిప్పూ నీరూ రెండూ ఉండేవి.

ఆయన 1965లో 'రెస్పెక్ట్' పాడాడు. ఆ పాటలో ఒక మగాడు భార్యతో మాట్లాడుతూ ఉంటాడు. నేను రోజంతా కష్టపడి డబ్బు తెస్తున్నాను, నువ్వేం చేసినా పట్టించుకోను, ఇంటికొచ్చేసరికి నాకు కాస్త మర్యాద ఇయ్యి చాలు, అనేది దాని సారాంశం. తప్పేం లేదు. రోజంతా ఎండలో పనిచేసి వచ్చిన మనిషికి ఆ మాత్రం ఆశ ఉండదూ? అందులోనూ బజార్లో తెల్లవాళ్ళు మర్యాదివ్వని రోజుల్లో, ఇంట్లోనైనా దొరకాలని నల్లవాడు అడిగితే అది చిన్న మాటేమీ కాదు. పాట బాగానే ఆడింది. నల్లవాళ్ళ పాటల జాబితాలో 4వ స్థానం వరకూ, దేశం మొత్తం మీద పాటల జాబితాలో 35వ స్థానం వరకూ వచ్చింది. మరుసటి ఏడాది మిషిగన్ రాష్ట్రంలో కొందరు తెల్ల కుర్రాళ్ళు కూడా అదే పాట రికార్డు చేశారు. 'ది రేషనల్స్' అని వాళ్ళ బృందం పేరు. ఎవరూ పెద్దగా కాపీ అనలేదు. ఎందుకంటే ఆ రోజుల్లో ఒకరి పాట మరొకరు పాడడం మామూలే. చట్టమే ఒప్పుకుంది. ఒకసారి రికార్డయిన పాటని ఎవరైనా మళ్ళీ రికార్డు చేసుకోవచ్చు. అమ్మిన ఒక్కొక్క ప్రతికీ పాట యజమానికి 2 సెంట్లు చెల్లిస్తే సరి. 1909 నాటి చట్టం పెట్టిన రేటది. 1967లో కూడా అంతే.

కాబట్టి బావగారూ, దొంగతనమన్న మాట మొదటే కొట్టేద్దాం. డబ్బు కట్టి తెచ్చుకున్నదాన్ని దొంగసొత్తు అనకూడదు.

ఇక అరీతా ఫ్రాంక్లిన్ సంగతి. 1942లో మెంఫిస్‌లోనే పుట్టింది, డిట్రాయిట్‌లో పెరిగింది. తండ్రి పేరుమోసిన మతబోధకుడు. తల్లి బాగా పాడేది. ఈ పిల్లకు పదేళ్ళు నిండకుండానే, 1952లో, ఆ తల్లి కన్నుమూసింది. పిల్ల తండ్రి చర్చిలో పాడుతూ, పియానో తనంతట తను వాయించుకుంటూ పెరిగింది. 1960లో కొలంబియా అనే పెద్ద కంపెనీ పిలిచి ఒప్పందం రాయించుకుంది. ఆరేళ్ళు. ఆ ఆరేళ్ళూ ఆవిడ చేత ఎవరెవరికో నచ్చే మెత్తమెత్తని పాటలు పాడించారు. గొంతు బ్రహ్మాండమని అందరూ మెచ్చుకున్నారు, దాని అసలు రూపం మాత్రం బయటికి రాలేదు. చక్కగా చదువుకున్న కోడల్ని తెచ్చుకుని, వచ్చినవాళ్ళకి కాఫీలు అందించడానికి మాత్రమే ముందుగదిలోకి పిలిచినట్టు!

1966 చివర్లో ఆ కంపెనీ వదిలి అట్లాంటిక్ అనే కంపెనీకి వచ్చింది. అక్కడి నిర్మాత జెర్రీ వెక్స్‌లర్ చేసిన తెలివైన పని ఒక్కటే. ఆవిడని పియానో ముందు కూర్చోబెట్టి, నీ ఇష్టం వచ్చినట్టు పాడు అన్నాడు. 1967 ఫిబ్రవరి 14న న్యూయార్క్ స్టూడియోలో 'రెస్పెక్ట్' రికార్డయింది. పియానో ఆవిడదే. వెనక గొంతులు ఎవరివనుకున్నారు? అక్క ఎర్మా, చెల్లెలు కెరోలిన్. ముగ్గురు అక్కచెల్లెళ్ళు కలిసి, ఒక మగాడి పాటని పుట్టింటి పేరంటంలా మార్చేశారు.

ఏం మార్చారో వరసగా చెబుతాను, వినండి. 'ఆవిడ పాడింది, అంతే' అనేవాళ్ళ కోసం ఈ జాబితా.

ఒకటి: ఆ ఇంగ్లీషు మాటలో ఉన్న ఏడు అక్షరాలనీ ఆవిడ విడివిడిగా, ఒక్కొక్కటీ గుద్ది చెప్పినట్టు పలుకుతుంది. ఈ రోజు ప్రపంచంలో ఎవర్ని నిద్రలేపి ఆ పాట పాడమన్నా మొదట గుర్తొచ్చేది అదే. రెడ్డింగ్ పాటలో అది లేదు. బొత్తిగా లేదు.

రెండు: వెనకనుంచి అక్కచెల్లెళ్ళు టకటకమని తాళం వేసినట్టు అనే మాటలు. అవీ ఆ పాటలో లేవు. అరీతా, కెరోలిన్ ఇద్దరూ ఇంట్లో కూర్చుని అల్లుకున్నవి.

మూడు: పాట మధ్యలో కింగ్ కర్టిస్ వాయించిన శాక్సఫోన్ ముక్క. దాని కింద నడిచే స్వరాల వరస శామ్ అండ్ డేవ్ అనే జంట పాడిన వేరే పాటలోంచి తీసుకున్నారు. రెడ్డింగ్ పాటలో అలాంటి మలుపే లేదు.

నాలుగు: ఇది అసలైనది. ఇక్కడ అడిగేది భర్త కాదు, భార్య. డబ్బు నా దగ్గరా ఉంది, నీకు కావలసిందీ నా దగ్గరుంది, నేనడిగేది మర్యాద ఒక్కటే, అంటుంది. రెడ్డింగ్ పాటలో ఆ భార్య మాట్లాడదు. ఆమె ఎదురుగా ఉంది, వింటోంది, అంతే. రెండేళ్ళ తరవాత ఆ నోరులేని మనిషి నోరు తెరిచి జవాబు చెప్పింది. దాన్ని కాపీ అంటారా? ఉత్తరానికి రాసిన జవాబుని ఉత్తరానికి నకలంటారా? అదే కాగితం, అదే సిరా, అవే మాటలు కూడా చాలావరకు. కానీ సంతకం వేరండీ!

ఆ ఏప్రిల్లో రికార్డు బయటికొచ్చింది. జూన్‌లో దేశం మొత్తం మీద మొదటి స్థానానికెక్కి రెండు వారాలు అక్కడే కూర్చుంది. నల్లవాళ్ళ పాటల జాబితాలో ఎనిమిది వారాలు మొదటి స్థానం. మరుసటి ఏడాది ఆ పాటకి రెండు గ్రామీ బహుమతులొచ్చాయి. మర్యాద కోసం వీధుల్లో ఊరేగుతున్న నల్లవాళ్ళూ, అదే మర్యాద కోసం ఇళ్ళలో గొంతు విప్పుతున్న ఆడవాళ్ళూ, ఇద్దరూ అది మా పాటే అన్నారు. 2002లో అమెరికా ప్రభుత్వపు గ్రంథాలయం దేశం దాచుకోవలసిన రికార్డుల్లో దీన్ని చేర్చింది. 2021లో రోలింగ్ స్టోన్ పత్రిక ప్రకటించిన అయిదువందల గొప్ప పాటల జాబితాలో ఇది మొట్టమొదటిది. అది రెడ్డింగ్ పాడిన పాట కాదు, ఈవిడ పాడిందే.

ఆ సంగతి రెడ్డింగ్‌కే అందరికంటే ముందు తెలిసింది. 1967 జూన్‌లో మాంటెరీ అనే చోట పెద్ద సంగీతోత్సవం జరిగింది. వేదిక మీద ఈ పాట మొదలుపెట్టబోతూ ఆయనే నవ్వుతూ చెప్పాడు, దీన్ని ఒక అమ్మాయి నా దగ్గర్నుంచి ఎత్తుకుపోయిందని. పెద్దమనిషి. ఎత్తుకుపోయిందన్నాడేగాని కాపీ కొట్టిందనలేదు. ఎత్తుకుపోవాలంటే చేతిలో బలముండాలి!

ఇంకొక తమాషా సంగతి. రెడ్డింగ్ దగ్గరికి కూడా ఆ పాట మొదట వేరొకరి ద్వారా, నెమ్మదిగా సాగే పాటగా వచ్చిందనీ, ఆయన మాటలూ నడకా మార్చేసి తనదిగా చేసుకున్నాడనీ ఆయన గురించి రాసినవాళ్ళు చెబుతారు. అంటే ఆయన చేసిందీ, ఈవిడ చేసిందీ ఒకే రకం పనన్నమాట. ఆయన మారిస్తే రచయిత అయ్యాడు. ఈవిడ మారిస్తే పాడిన మనిషి అయింది. ఇదెక్కడి లెక్క?

ఇప్పుడు ఆ లెక్కలోకే వద్దాం. ఇక్కడే నా కడుపు మండేది.

అమెరికాలో మామూలు రేడియోలో పాట వేస్తే, ఆ పాట రాసినవారికీ, ప్రచురించిన కంపెనీకీ డబ్బు వెళ్తుంది. పాడినవారికి వెళ్ళదు. నేను కోపంలో అంటున్న మాట కాదు, అక్కడి చట్టమే అంత. రికార్డులు అమ్మినందుకు వచ్చే వాటా వేరు, అది గాయనికీ ఉంటుంది. కానీ రేడియో? అరీతా పాడిన 'రెస్పెక్ట్' 1967 నుంచి 2018 ఆగస్టు 16న ఆవిడ కన్నుమూసే దాకా, యాభై ఒక్క ఏళ్ళు ఆ దేశపు రేడియోల్లో మోగుతూనే ఉంది. మోగినప్పుడల్లా పాట యజమానుల ఖాతాలో జమ. ఆవిడ ఖాతాలో సున్న. ఆ ఏడు అక్షరాల కోసం, ఆ అక్కచెల్లెళ్ళ తాళం కోసం, ఆ జవాబు కోసం రేడియో తిప్పినవాళ్ళందరూ విన్నది ఆవిడని. డబ్బు వెళ్ళింది ఇంకొకరికి. పాటేమో మర్యాద గురించి! దీనికంటే పెద్ద హాస్యం ఏ నాటకంలోనైనా చూశారా?

పోనీ, ఇంటర్నెట్ రేడియోలొచ్చాక పాడినవాళ్ళకీ ఇవ్వాలని 1995 నుంచి అక్కడ చట్టాలొచ్చాయి. కానీ అందులోనూ ఒక మెలిక. 1972 కంటే ముందు రికార్డయిన పాటలు ఆ కేంద్ర చట్టం కిందికి రావు. 'రెస్పెక్ట్' ఏ ఏడాదిది? 1967. ఆ మెలిక విప్పే చట్టం మీద సంతకం ఎప్పుడు పడిందో తెలుసా? 2018 అక్టోబర్ 11న. ఆవిడ పోయిన ఎనిమిది వారాలకి. అప్పుడు కూడా మామూలు రేడియో జోలికి పోలేదు. బ్రిటన్‌లోనూ, ఫ్రాన్స్‌లోనూ రేడియోలు పాడినవాళ్ళకి కూడా చెల్లిస్తాయి. ఆకాశం ఊడిపడలేదు.

"రాసినవాడిదే పాట, పాడినవాళ్ళు ఎందరైనా ఉంటారు" అంటారు పెద్దలు. రాయడమంటే ఏమిటో తేల్చుకుందాం రండి. అదే 1967లో అరీతా ఇంకో పాట పాడింది. 'నేచురల్ ఉమన్' అంటారు దాన్ని. కెరోల్ కింగ్, జెర్రీ గాఫిన్ దంపతులు కట్టారు. కానీ రచయితల పేర్లు మూడు ఉంటాయి. మూడో పేరు నిర్మాత వెక్స్‌లర్‌ది. ఎందుకూ అంటే, ఆ పాటకి పేరు ఆయన సూచించాడు. శీర్షిక! అదీ ఆయన రచన! తప్పని నేననను, ఆ దంపతులే సంతోషంగా ఇచ్చారు. కానీ మీరే చెప్పండి, ఒక్క శీర్షిక చెప్పిన మగవాడు రచయిత అయినప్పుడు, ఒక పాట నడకా, మాటలూ, మలుపూ, మనిషీ అన్నీ మార్చిన ఆడది ఎందుకు కాదు? తాళం బుర్ర ఇచ్చినవాడికి ఇల్లు రాసిచ్చి, గోడలు కట్టినదాన్ని అద్దెకుండేదని రాస్తారా?

చట్టం దగ్గర దీనికి జవాబుంది. ఇతరుల పాటని నీ పద్ధతికి తగినట్టు మలుచుకోవచ్చు, యజమాని ఒప్పుకుంటే తప్ప ఆ మలచినదాని మీద నీకు హక్కు ఉండదు, అని 1976లో చట్టం తిరగరాసినప్పుడు కూడా స్పష్టంగా పెట్టారు. అంటే చట్టానికి కలం కనిపిస్తుంది, గొంతు కనిపించదు. కాగితం కనిపిస్తుంది, ఊపిరి కనిపించదు.

రేడియో యజమానుల వాదన ఇంకొకటుంది. మేం పాట వేస్తే మీకు ప్రచారం కదా, ప్రచారం వల్ల రికార్డులు అమ్ముడుపోతాయి కదా, ఇంక డబ్బెందుకు, అంటారు. ఈ మాట ఎక్కడో విన్నట్టు లేదూ? నన్ను సభలకి పిలిచేవాళ్ళు అనే మాటే ఇది. "మీకు పేరొస్తుంది కదండీ" అని ఒక శాలువా కప్పి పంపిస్తారు. మా ఇంట్లో శాలువాలు పదిహేడున్నాయి. ఆటో అబ్బాయి ఒక్కడూ శాలువా తీసుకుని దింపనన్నాడు!

అయితే ఒక మాట న్యాయంగా చెప్పుకోవాలి. ఇందులో రెడ్డింగ్‌ని దుర్మార్గుణ్ణి చెయ్యడం నాకిష్టం లేదు. మాంటెరీలో నవ్వుతూ ఆ మాటన్న ఆరు నెలలకే, 1967 డిసెంబర్ 10న, విస్కాన్సిన్ రాష్ట్రంలో చలికి గడ్డకట్టుకుపోతున్న సరస్సులో ఆయన విమానం కూలిపోయింది. ఇరవై ఆరేళ్ళు. భార్యా, చిన్న చిన్న పిల్లలూ మిగిలారు. ఈ పాట మీద వచ్చిన డబ్బు ఆ ఇంటికి చేరిందంటే నాకు సంతోషమే. వాళ్ళ కంచంలోంచి తీసి ఈవిడ కంచంలో వెయ్యమని నేననడం లేదు. ఇద్దరి పాట మీదా వ్యాపారం చేసుకున్న రేడియోవాళ్ళు రెండు కంచాలూ పెట్టి ఉండవలసింది అంటున్నాను. ఒక పేద విధవరాలినీ, ఒక గాయనినీ ఎదురెదురుగా నిలబెట్టి, ఎవరికి అన్నం పెట్టాలో మీరే తేల్చుకోండమ్మా అనడం ఆ వ్యాపారుల తెలివి. ఆ తెలివి మన పెద్దిళ్ళలోనూ ఉంది. అత్తాకోడళ్ళు పులుసు నీదా నాదా అని దెబ్బలాడుకుంటూ ఉంటే, తిన్నవాళ్ళు చెయ్యి కడుక్కుని వెళ్ళిపోతారు.

మనవాళ్ళకి ఈ తగవు కొత్తేమీ కాదు. 2017లో ఇళయరాజాగారి తరఫున బాలసుబ్రహ్మణ్యంగారికి నోటీసు వెళ్ళినప్పుడు, తెలుగువాళ్ళ ప్రతి ఇంట్లోనూ రెండు పార్టీలయ్యాయి. స్వరం కట్టినవారిది హక్కు అని కొందరు, ఆ గొంతు లేకపోతే ఆ స్వరమెక్కడిదని కొందరు. తరవాత వాళ్ళిద్దరూ కలిసిపోయారు, మనమే ఇంకా విడిపోయి ఉన్నాం. మన దేశపు చట్టం పాడేవాళ్ళకీ హక్కుందని 1994లో ఒప్పుకుంది, రాయల్టీలో వాటా సంగతి 2012లో చేర్చింది. ఆలస్యమైనా ఒప్పుకుంది.

ఇంకా లోతుకెళ్తే, అన్నమయ్య సంకీర్తనలు చూడండి. రాగిరేకుల మీద సాహిత్యం దొరికింది, రాగం పేరు దొరికింది. స్వరం దొరకలేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు, నేదునూరి కృష్ణమూర్తిగారు వంటి పెద్దలు మన కాలానికి స్వరపరిచారు. మనం పొద్దున్నే విని కళ్ళు మూసుకునేది అన్నమయ్యకీ, ఆ స్వరం కట్టినవారికీ, పాడినవారికీ ముగ్గురికీ కలిపి. అన్నమయ్య గొప్పతనం అందువల్ల తగ్గిందా? పేర్లు పంచుకుంటే తరిగిపోయేది కీర్తి కాదండీ, అహంకారం.

ఇంతకీ ఆ రోజు నాకెందుకు నవ్వు రాలేదో చెప్పలేదు కదూ?

మా అమ్మ దగ్గర ఒక నోటుపుస్తకం ఉండేది. మంగళహారతులూ, పెళ్ళిపాటలూ, అప్పగింతల పాటలూ. చాలావరకు పాతవే, ఎవరెవరి దగ్గరో నేర్చుకున్నవి. కానీ అమ్మ ఏ పాటనీ నేర్చుకున్నట్టు ఉంచేది కాదు. అప్పగింతల పాటలో పిల్లని అణిగిమణిగి ఉండమనే చరణం తీసేసి, కష్టమొస్తే పుట్టింటి తలుపు తీసే ఉంటుందని తను ఒక చరణం కట్టి చేర్చింది. వరస కూడా మార్చింది. మా ఊళ్ళో ఏ పెళ్ళి జరిగినా అమ్మ వచ్చి ఆ పాట పాడితేగాని పిల్లని బండెక్కించేవారు కాదు.

ఒక పెళ్ళికి మా బంధువొకాయన ఆ నోటుపుస్తకం తీసుకెళ్ళి, ముచ్చటగా ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించి పంచిపెట్టాడు. అట్ట మీద 'సేకరణ' అని తన పేరు. లోపల 'సంప్రదాయ గీతాలు' అని ఉంది. అమ్మ పేరు ఎక్కడా లేదు. ఆ చరణం మాత్రం ఉంది, అక్షరం పొల్లుపోకుండా.

నేనప్పుడు కాలేజీలో ఉన్నాను. కోపంతో ఊగిపోయాను. అమ్మ నన్నాపి, "నా పేరెందుకే? పాట ఉంటే చాలదూ?" అంది. ఎంత గొప్ప మనసో అని చాలామంది దగ్గర చెప్పుకున్నాను, ఒక నవలలో కూడా రాసుకున్నాను. కానీ అమ్మ పోయాక ఆవిడ పెట్టె సర్దుతూ ఉంటే ఆ చిన్న పుస్తకం కనిపించింది. ఆ పాట ఉన్న పేజీలో, కింద, పెన్సిలుతో, చాలా చిన్న అక్షరాలతో తన పేరు రాసుకుంది. ఎవరికీ కనపడనంత చిన్నగా.

పాట ఉంటే చాలదన్నమాట. అమ్మకి కూడా చాలలేదు. చాలదని పైకి అనడానికి నోరు రాలేదు, అంతే.

అందుకే నాకా 'కాపీ' అనే మాట పడదు. చెల్లెళ్ళారా, మన పని చాలావరకు ఎవరో మొదలుపెట్టినదాన్ని అందుకుని, మన చేత్తో మార్చి, ఇంకొకరికి అందించడమే. ముగ్గూ అంతే, పచ్చడీ అంతే, పిల్లలకి చెప్పే కథా అంతే. మొదలుపెట్టినవారికి దణ్ణం పెడదాం. కానీ మన చెయ్యి పడ్డాక అది మనది కూడా. అలా అనుకోవడం గర్వం కాదు. ఆ మాట పెన్సిలుతో కాదు, పెన్నుతోనే రాయండి. మీ ఇంట్లో ఎవరైనా పాటలు అచ్చు వేయిస్తున్నా, వంటల పుస్తకం వేయిస్తున్నా, ఫోన్లో పాట రికార్డు చేసి నలుగురికీ పంపిస్తున్నా, ఎవరి నోట విన్నారో, ఎవరి చేతి పనో ఆ పేరు ముందు రాయించండి. ఖర్చు లేని పని. ఆ ఒక్క అక్షరమ్ముక్క కోసం ఎందరు పెద్దవాళ్ళు పెట్టెల్లో పెన్సిలు ముక్కలు దాచుకున్నారో మీకేం తెలుసు?

ఇదంతా ఇంత పొడుగ్గా కాదుగాని, క్లుప్తంగా బావగారికి ఫోన్లో చెప్పాను. అమ్మ పుస్తకం సంగతి కూడా చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "ఆ రెండు పాటలూ పక్కపక్కన పెట్టి మళ్ళీ విన్నానమ్మా" అన్నారు చివరికి. "రెండూ వేరే పాటలే."

నాలుగు రోజుల తరవాత మా తోటికోడలు ఫోన్ చేసింది. మధ్యాహ్నం భోజనం దగ్గర ఆయన పులుసు గుటక వేసి, ఏదో అనబోయి ఆగి, "ఇవాళ నీ పులుసు బాగుంది" అన్నారట.

"నీ పులుసన్నారా? సరిగ్గా విన్నావా అక్కయ్యా?" అని అడిగాను.

"రెండుసార్లు అనిపించానే" అంది ఆవిడ.